మీకు తెలుసా? రోడ్డు కిందా గుడ్డ పరుస్తారు!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నల్లరేగడి తగిలిన చోట రోడ్డు ఎందుకు కుంగుతుంది? వానకు నానిన మట్టి పైకి ఉబుకుతుంది, కంకర కిందికి దిగబడుతుంది, రెండూ కలిసిపోతాయి. మధ్యలో జియోటెక్స్‌టైల్ అనే గుడ్డ పరిస్తే ఆ కలయిక ఆగుతుంది. ఇందులో నేసిన రకం బరువును కాస్తుంది. కంబళిలా మెత్తగా ఉండే నేయని రకం నీటిని వదిలి మట్టిని ఆపుతుంది. చెరువు కట్ట రాళ్ల కింద, తోటలో నీరు పోయే పైపుల చుట్టూ వేయదగింది ఇదే. గట్టు వాలుకైతే ప్లాస్టిక్ కన్నా కొబ్బరి పీచు వలే నయం: గడ్డి వేళ్లూనేదాకా మట్టిని పట్టి ఉంచి, తర్వాత తానే మట్టిలో కలిసిపోతుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో ఈ కొబ్బరి పీచు వస్త్రంతో వేయాలని 2020లో కేంద్రం ప్రకటించిన 1,674 కిలోమీటర్ల రోడ్లలో తెలంగాణ వాటా 121 కిలోమీటర్లు.