రుచి సరే... కాగే నూనెతో జాగ్రత్త!

ఆషాఢం వస్తే మా బల్కంపేటలో ఎల్లమ్మ తల్లి కల్యాణం, బోనాలు... చుట్టాలు రాని ఇల్లుండదు. ఓసారి బోనాల హడావుడిలో, కోడి ముక్కల్ని మంచు కరగకుండానే కాగే నూనెలో వేసేశాను. నూనె భుస్సున పొంగి, బాణలి భగ్గుమంది. కంగారులో నీళ్ల చెంబు అందుకున్నాను. మా అత్తమ్మ నన్ను వెనక్కి లాగి, గ్యాసు కట్టేసి, బాణలి మీద మూత జరిపేశారు. నీళ్లే పోసుంటే!

నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. నూనెను ఎగజిమ్మేది అదే. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగకి, టర్కీ కోడిని నిలువునా నూనెలో వేయించబోయి కొందరు కొంపలు అంటించుకునేదీ ఇలాగే.

ఇప్పుడు నేను ముక్కల్ని ముందురోజే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మారుస్తాను. అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, గట్టి పెరుగు పట్టించి రెండు గంటలు ఫ్రిజ్‌లోనే నానబెడతాను. తడి ఒత్తేసి బియ్యప్పిండి అద్దుతాను. నూనె బాణలిలో సగానికి మించకూడదు. పిండి ఉండ వేస్తే వెంటనే తేలాలి, పొగ మాత్రం రాకూడదు. నాలుగేసి ముక్కలే అంచు నుంచి జారవిడవండి. మధ్యస్థంగా మంట పెట్టి, లోపల ఎరుపు పోయేదాకా వేయించండి. చివర్లో తడిలేని కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేస్తే ఆ ఘుమఘుమే వేరు!

పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వకండి. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు పూయొద్దు.

పండగ వంట వేడిగా ఉండాలి గానీ, వండిన చేతులు చల్లగా ఉండాలి కదా!