కఱవు దినములలో దాంపత్యము



వాన లేని యేట చేనితోపాటు ఇంటిలోని మాట గూడ నెండిపోవును. అనంతపురము సీమలో సంసారము చేయుచున్నవారి కీ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. పడమటి కనుమల చాటున నున్న యీ మెట్టకు నైరుతి వాన యరకొరగ వచ్చును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు పలుచబడియే చేరును. ఏడాదికి కురియు సుమారు 550 మిల్లీమీటర్లయినను వేళకు పడుట యరుదు. వేరుసెనగ పూచి ఊడలు దిగు సమయమున పదను లేకున్న విత్తనపు వెలయైనను చేతికి రాదు.

అట్టి యేట నొక యింట జరుగు ముచ్చట చూడుడు. మగడు చేనినుండి వచ్చును. ఇల్లాలు "రేపు డ్వాక్రా సంఘపు కంతు కట్టవలెను గదా, ఏమి చేయుదము?" అని యడుగును. అతని చెవి కది నిందవలె తోచును. "మీ పుట్టింటివా రేమైన పంపిరా?" అనును. ఆ మాట యామెకు ములుకై నాటును. గడియలో పదేండ్లనాటి పాత మాటలన్నియు బయట పడును. నిజమునకు ఇరువురకును గలది యొకటే భయము. అది కోపమను వేషము వేసికొని వచ్చినది.

ఆ వేషమును గుర్తించు విద్యకే ఎఱుక యని పేరు. బౌద్ధులు పాలీభాషలో దీనిని "సతి" యనిరి. మన స్మృతి శబ్దమే యది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అను శాస్త్రజ్ఞుడు రోగుల యుపశమనమునకై దీనిని వైద్యశాలలో నేర్పసాగెను. దంపతుల కలహములను బహుకాలము పరిశీలించిన జాన్ గాట్‌మన్ చెప్పిన దేమన, కోపముచే గుండె నిమిషమునకు నూఱు మాఱులకు మించి కొట్టుకొనునపుడు ఎదుటివారి మాట తల కెక్కదు. కనీసము 20 నిమిషము లెడముగ నుండి, ఒడలు చల్లబడిన పిదప మాటలాడవలెను.

కావున గొంతు హెచ్చుచున్నదని తోచినంతనే పాదములు నేల కానుటను, ఊపిరి వచ్చి పోవుటను గమనింపుడు. "నాకు కోపము వచ్చినది, దాని క్రింద అప్పు భయమున్నది" అని మనసులో ననుకొనుడు. "వంట ముగిసిన పిమ్మట మాటలాడుదము" అని చెప్పి లేవుడు. చెప్పక లేచిపోయిన నది యలుక యగును. ఆ కొంతసేపు నిందలను నెమరు వేయక, బియ్య మేరుచున్నచో చేతిలోని గింజలమీదనే మనసు నిలుపుడు. చెప్పిన వేళకు తప్పక మరలి వచ్చి, అప్పును వడ్డీని కాగితముమీద వ్రాసికొని ఇరువురును ప్రక్కప్రక్కనే కూర్చుండుడు. ఒకరు చెప్పునపుడు రెండవవా రడ్డు పడరాదు.

ఓర్పు స్త్రీకే విధించు పాత పాఠమును మేము మరల చెప్పుట లేదు. ఈ విద్య మగవారును నేర్వవలసినదే. చేయి చేసికొను మగని యెదుట ఊపిరి లెక్కించుచు కూర్చుండరాదు. అట్టివారికై 2005 నాటి గృహహింస నిరోధక చట్టమును, 181 అను సహాయపు ఫోను సంఖ్యయు గలవు.

గుత్తికి సమీపమున ఎఱ్ఱగుడి గుండ్లపై అశోకుడు క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున చెక్కించిన శాసనములలో, మాట నదుపులో నుంచుకొనవలెనను బోధ గలదు. వేర్వేఱు మతములవారి పొత్తుకై చెప్పిన యా మాట మన వంటయింటికిని చెల్లును. ఎఱుక వాన కురిపింపదు, అప్పు తీర్పదు. అయినను ఆ రెంటిని మోయుటకు ఇరువుర భుజములు కావలెను గదా! అవి విడిపోకుండ కాపాడుకొనుట మన చేతిలోని పని.