మోకాలు వంగనివాని నమాజు

హైదరాబాదు నగరము దాటి ఉత్తరమునకు పోవువానికి రెండు పెద్ద త్రోవలు కలవు. ఒకటి మేడ్చలు మీదుగా నాగపురము దిక్కునకు సాగును. రెండవది శామీర్‌పేట చెరువు సమీపమునుండి కరీంనగరమునకు పోవును. ఒకనాడు పొలములుగా ఉండిన ఈ నేలమీద నేడు కర్మాగారములు, కళాశాలలు, ఎత్తైన మేడలు లేచినవి. వానిని కట్టినవారును, వానిలో పనిచేయువారును ఎక్కడెక్కడినుండియో వచ్చి ఇచ్చట నివాస మేర్పరచుకొనిరి. సంజవేళ లారీల రొద నడుమనుండి మసీదులోని అజాను వినవచ్చును. ఆ పిలుపు విన్నవాడు చేతులు, ముఖము, పాదములు కడుగుకొని, పడమటి దిక్కునకు, ఇంచుక వాయవ్యముగా, అనగా మక్కా నగరమున్న వైపునకు మొగమై నిలువవలెను.

ఆ వరుసలో నిలిచిన ఒక తాపీమేస్త్రీని ఊహించుకొందము. వయస్సు ఏబది దాటినది. ముప్పది యేండ్లు గొంతుకూర్చుండి గచ్చుపని చేసిన మోకాళ్ళు అరిగిపోయినవి. పరంజామీదినుండి పడిన నాడు విరిగిన కాలిలో ఇనుప పలక యున్నది. ఇటీవలనే ఇస్లాము స్వీకరించినవాడు. ఏ కారణమున స్వీకరించెనో అది అతని అంతరంగమునకు సంబంధించిన విషయము. దానితో మనకు పనిలేదు. మనము చూడవలసినది అతని ఇబ్బంది. ప్రక్కవారందరును ఒక్కసారిగా నేలకు వ్రాలుదురు. అతడొక్కడు నిలువునను గాక, నేలను గాక, నడుమ చిక్కుకొని యుండును. వంగినచో లేవలేడు, వంగకున్నచో తన ప్రార్థన చెల్లదేమో యను భయము.

ఈ భయము చిన్నది కాదు. లెక్కించి చూతము. దినమునకు ఐదు నమాజులు. ఉషఃకాలమున 2 రకాతులు, మధ్యాహ్నము 4, అపరాహ్ణము 4, సూర్యాస్తమయానంతరము 3, రాత్రి 4. వెరసి విధిగా చేయవలసినవి 17. ప్రతి రకాతునందును నిలుచుట యొకటి, నడుము వంచి చేయు రుకూ యొకటి, నుదురు నేలకు తాకించు సజ్దాలు రెండు. అనగా దినమునకు 34 సజ్దాలు. మన సాష్టాంగ నమస్కారమున అంగములు ఎనిమిది. సజ్దాలో నేల నానవలసిన తావులు ఏడు. ముక్కుతో కూడిన నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు, రెండు పాదముల వ్రేళ్ళు. ఈ యేడింటిలో మోకాళ్ళే మొరాయించినచో దినమునకు ముప్పదినాలుగుసారులు తన లోపము తనకు గుర్తువచ్చును. పుట్టుకతోనే ఆ మతమునందున్నవానికి ఇంటిలో తాతయో నాయనమ్మయో మంచముమీద కూర్చుండి నమాజు చేయుట చూచిన జ్ఞాపకమైన ఉండును. క్రొత్తగా వచ్చినవానికి ఆ జ్ఞాపకము లేదు. అతడు చూచినది పటములలోని నిండు ఆరోగ్యవంతుని నమాజు మాత్రమే. అదే సంపూర్ణమనియు, తక్కినదంతయు కొరత యనియు అతడు తలపోయును.

ఇస్లాము ధర్మశాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పినది? పదునాలుగు శతాబ్దులకు పూర్వము ఇమ్రాన్ ఇబ్న్ హుసైన్ అను అనుచరుడు మూలవ్యాధితో బాధపడుచు, నమాజు ఎట్లు చేయవలెనని ప్రవక్తను అడిగెను. నిలిచి చేయుమనియు, అది సాధ్యము కానిచో కూర్చుండి చేయుమనియు, అదియు సాధ్యము కానిచో ప్రక్కకు తిరిగి పరుండి చేయుమనియు ప్రవక్త బదులిచ్చినట్లు బుఖారీ హదీసు సంపుటమున కలదు. ఈ సమాధానమున గమనింపదగిన దొకటి యున్నది. మూడు మెట్లలోను చేయవలసినది ఒక్కటే, అది నమాజు. మెట్టు దిగినకొలది దాని పేరు మారలేదు.

ప్రవక్త జీవితమునందే దీనికి దృష్టాంతములు కలవు. ఆయన ఒకసారి గుఱ్ఱముమీదినుండి పడి, శరీరమున కుడివైపు గీరుకొనిపోగా, కూర్చుండియే ప్రార్థన నడపెను. క్రీ. శ. 632 లో, అవసానకాలపు వ్యాధిలో, ఇద్దరి భుజములపై ఆని, పాదములు నేలపై ఈడ్చుకొనిపోవుచుండగా మసీదునకు వచ్చి, అబూబకరు ప్రక్కను కూర్చుండి నమాజు చేసెను. బోధించినవాడే అట్లు కూర్చున్న తరువాత, కూర్చుండుట న్యూనత యని ఎవ్వరనగలరు?

ఈ మూలమునుండి ధర్మశాస్త్రజ్ఞులు వివరములు అల్లిరి. దక్కనులోని ముసల్మానులలో అధికసంఖ్యాకులు అబూ హనీఫా సంప్రదాయమును అనుసరింతురు, ఆయన క్రీ. శ. 767 లో మరణించెను. ఆ సంప్రదాయము ప్రకారము వంగలేనివాడు తలతో సైగచేసిన చాలును. రుకూకు తల కొంచెము వంచవలెను. సజ్దాకు అంతకంటె ఎక్కువ వంచవలెను. ఈ రెంటికి భేదము తెలియవలెను గాని, ఇన్ని యంగుళములని కొలత లేదు. నేలపై కూర్చుండగలవాడు తనకు వీలైన తీరున కూర్చుండవచ్చును. కూర్చుండలేనివాడు కుడిప్రక్కకు తిరిగియో, వెల్లకిల పరుండి తలక్రింద దిండు పెట్టుకొని ముఖము మక్కా దిక్కునకు ఉండునట్లు చూచుకొనియో చేయవచ్చును. అట్లు వెల్లకిల పరుండినవాడు వీలున్నచో మోకాళ్ళు ఎత్తి పెట్టుకొనుట మంచిదనిరి. ఏలయన, పాదములు ఆ పవిత్రమైన దిక్కునకు చాపుకొని యుండుట మర్యాద కాదు. పెద్దలవైపు కాళ్ళు చాపరాదని బిడ్డలకు నేర్పు మన ఇండ్లవారికి ఈ మాట వేరుగా వివరింప నక్కరలేదు.

నీటి విషయమునను ఇట్లే. గాయమునకు కట్టు కట్టియున్నచో, కట్టు విప్పి కడుగ నక్కరలేదు. తడిచేతితో దానిపై తుడిచిన చాలును. నీరు తగిలిన వ్యాధి ముదురునను భయమున్నచో, శుభ్రమైన మట్టిపై అరచేతులు తాకించి ముఖమును, చేతులను తుడుచుకొను తయమ్ముము కలదు. దీనికి ఖురానే ఆధారము. మధుమేహమున పాదము పుండుపడినవారు, కాలికి శస్త్రచికిత్స జరిగినవారు ప్రతి వీధిలోను ఉన్న ఈ కాలమున ఈ నియమముల విలువ తెలియును. హనఫీ గ్రంథములలో కంటివైద్యమును గూర్చిన ఒక ముచ్చట యున్నది. కంటిలోని నీరు తీసిన వైద్యుడు వెల్లకిల పరుండుమని ఆజ్ఞాపించినచో, రోగి అట్లే పరుండి సైగలతో నమాజు చేయవచ్చును. ఏలయన, అవయవమును కాపాడుకొనుట ప్రాణమును కాపాడుకొనుటవంటిదే యని వారి యభిప్రాయము. అనగా వైద్యుని మాటను ధర్మశాస్త్రము తనకు పోటీగా ఎంచలేదు. తన తీర్పునకు ఆధారముగా గైకొన్నది.

అన్నియు ఏకాభిప్రాయములే యని అనరాదు. నిలువగలిగియు, వంగి నుదురు నేలకు తాకించలేని మన మేస్త్రీ వంటివాని మాట యేమి? నిలుచుట కూడ అతనికి విధి కాదనియు, కూర్చుండి సైగ చేయుటయే మేలనియు పూర్వపు హనఫీలు చెప్పిరి. నిలువగలిగినంత సేపు నిలువవలెననియు, చేయలేని దొకటి యున్నంతమాత్రమున చేయగలది వదలరాదనియు షాఫయీ సంప్రదాయమువారు చెప్పిరి. నేడు పెక్కు మసీదులలో వరుసల చివర కుర్చీలు కనబడును. ఆ కుర్చీ ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు అను చర్చయు పండితులలో సాగుచునేయున్నది. అయినను ఈ భేదము దారులలోనిదే గాని గమ్యములోనిది కాదు. అశక్తుని నమాజు చెల్లదని ఇరువురిలో ఎవరును అనలేదు.

ఈ చర్చకును హైదరాబాదునకును ఉన్న సంబంధము చాలమందికి తెలియదు. రోగి యొకడు నుదురు ఆన్చుటకు దిండు పెట్టుకొని నమాజు చేయుచుండగా, పరామర్శకు వచ్చిన ప్రవక్త ఆ దిండును తొలగించి, చేతనైనచో నేలపైననే చేయుమనియు, లేనిచో సైగతో, సజ్దాకు రుకూకంటె ఎక్కువ వంగి చేయుమనియు చెప్పినట్లు ఒక కథనము కలదు. పదునొకండవ శతాబ్దికి చెందిన బైహఖీ పండితుడు తన బృహత్సంకలనమున దానిని చేర్చెను. ఆ గ్రంథము పది సంపుటములుగా అచ్చయినది మరెక్కడనో కాదు. 1888 లో హైదరాబాదున స్థాపితమైన దాయిరతుల్ మారిఫ్ ముద్రణాలయమున. మేడ్చలు మేస్త్రీ మనస్సున మెదలు సందేహమునకు సమాధానము, అతడు పుట్టకమునుపే, అతని యూరికి ఒక పూట ప్రయాణము లోపలనే అచ్చుపడి యున్నది. దానిని చదివి చెప్పువాడు దొరకుటయే కావలసినది.

చదివి చెప్పువాడు దొరకనిచో ఏమగునో తెలుపు కథ యొకటి అబూ దావూదు హదీసు సంపుటమున కలదు. కొందరు ప్రయాణమున ఉండగా ఒకని తలకు రాయి తగిలి గాయమయ్యెను. ఆ రాత్రి అతనికి స్నానము విధి యయ్యెను. నాకు మట్టితో శుద్ధిచేసికొను సడలింపు కలదా యని అతడు తోడివారిని అడిగెను. నీరుండగా నీకు సడలింపు లేదని వారు చెప్పిరి. అతడు స్నానము చేసెను, మరణించెను. ఈ సంగతి విన్న ప్రవక్త మిక్కిలి కోపించి, వారే అతనిని చంపిరనెను. తెలియనప్పుడు అడుగకపోయిరేమి యనియు, అజ్ఞానమను వ్యాధికి అడుగుటయే మందు అనియు చెప్పెను. ఆ తోడివారు దుర్మార్గులు కారు. నియమమునందు శ్రద్ధ గలవారే. కాని తమకు తెలియని దానిని తెలిసినట్లు చెప్పిరి. క్రొత్తవానికి చుట్టును చేరి, కొంచెము ఓర్చుకొని వంగుమని ప్రోత్సహించు మంచివారందరును ఈ కథ గుర్తుంచుకొనవలెను. ఇనుప పలక యున్న కాలు ప్రోత్సాహముచేత వంగదు.

శరీరమున మోకాలొక్కటే కాదు. నాలుకయు నొక అంగమే. నడివయస్సున అరబ్బీ పలుకబూనిన తెలుగువాని నాలుకకు ఆ కంఠ్యధ్వనులు కొన్ని లొంగవు. మన అక్షరమాలలో వానికి లిపియే లేదు. తడబడుచు కష్టముతో ఖురాను చదువువానికి రెండింతల పుణ్యమని ప్రవక్త చెప్పినట్లు హదీసు కలదు. ఖురాను ఏమియు కంఠస్థము కాలేదని మొరపెట్టుకొన్న మరియొకనికి, దైవస్తుతి చేయు నాలుగైదు చిన్న వాక్యములు నేర్పి, ఇవి చాలునని ఆయన పంపినట్లు మరియొక కథనము. అరబ్బీ రానివారు పారసీకమున పఠింపవచ్చునా యను ప్రశ్నకు అబూ హనీఫా మొదట అనుకూలముగా చెప్పెననియు, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అనువారు అశక్తులకు మాత్రమే దానిని పరిమితము చేసిరనియు శాస్త్రచరిత్ర చెప్పుచున్నది. నేడు నమాజులోని పఠనము అరబ్బీలోనే సాగును. అర్థము మాత్రము తన భాషలో తెలిసికొనుటకు అడ్డులేదు.

అర్థమును మన భాషలోనికి తెచ్చినవారిని ఇక్కడ స్మరింపవలెను. ఖురానును మొట్టమొదట తెలిగించినవారు, 1937 లో వెలువడిన ‘ఆంధ్రభాషాచరిత్రము’ కర్తగా సుప్రసిద్ధులైన చిలుకూరి నారాయణరావుగారు. స్వయముగా ఇస్లాము స్వీకరించిన ఆంగ్లేయుడు మార్మడ్యూక్ పిక్తాల్ హైదరాబాదులో ఉన్న కాలముననే తన ఆంగ్లానువాదమును పూర్తిచేసి 1930 లో ప్రకటించెను. ఒకరు ఆ మతమున చేరనివారు, ఒకరు చేరినవారు. ఇరువురును క్రొత్తవాని నాలుకపై బరువు తగ్గించినవారే.

అయితే సడలింపునకు ఒక రెండవ ముఖము కూడ కలదు. ఇబ్న్ ఉమ్మ్ మక్తూం అను అంధుడు ప్రవక్తకడకు వచ్చి, చేయిపట్టి నడిపించువాడు లేడు గనుక ఇంటివద్దనే నమాజు చేసికొందునని అడిగెను. మొదట సరేయనిన ప్రవక్త, అతడు వెనుదిరిగిన తరువాత పిలిచి, అజాను నీకు వినబడునా యని అడిగెను. వినబడునని అతడనగా, అట్లైన రమ్మనెను. పైకి ఇది కాఠిన్యముగా తోచును. కాని ఆ అంధుడే బిలాలుతో పాటు మదీనా మసీదులో అజాను పిలుచువాడయ్యెను. ఇంటనుండు సౌకర్యమునకంటె అందరి నడుమ స్థానము అతనికి ఎక్కువ అవసరమని గురువు గ్రహించెను. ఒకనికి కూర్చుండుమనుట దయ. మరియొకనికి రమ్మనుట దయ. ఎవనికేది దయయో ఎఱుగుటయే విద్య.

ఉపాధ్యాయులకు ఈ విషయము పరాయిది కాదు. తరగతిలో అందరును లేచి పద్యము చదువుచుండగా, నత్తిగల పిల్లవాడొకడు తల దించుకొని కూర్చుండును. వానికి పద్యము రాదని అనుకొను ఉపాధ్యాయుడు కలడు. బలవంతముగా చదివించి నవ్వులపాలు చేయు ఉపాధ్యాయుడు కలడు. వ్రాసి చూపుమని పలక చేతికిచ్చు ఉపాధ్యాయుడును కలడు. మువ్వురిలో పద్యమును నిజముగా గౌరవించినవాడు మూడవవాడే.

మన మేస్త్రీ కూడ ఒకనాడు తెలిసినవారిని అడుగును. మరునాటి సంజ అజాను వినగానే వచ్చి, వరుస చివర కూర్చుండును. తోడివారు నేలకు వ్రాలినప్పుడు అతడు తల వంచును. రుకూకంటె కొంచెము ఎక్కువగా. చూచువారికి ఆ తేడా కనబడకపోవచ్చును. చేయువానికి తెలియును, ఎవనికొరకు చేయుచున్నాడో వానికిని తెలియును. ఆ రెండు జేనల వంపులో నేలవరకు పోవు సజ్దా సంపూర్ణముగా ఇమిడియున్నదని అతని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. ఇక అతనిని ప్రక్కచూపులు చూడకుండుట మాత్రమే వరుసలోని తక్కినవారి వంతు.