గొడ్రాలు అనేముందు

పిల్లలు పుట్టకపోతే మన వాడల్లో మొదట పేరు పడేది ఆడమనిషికే. గొడ్రాలంటారు, మొక్కులంటారు, చివరికి మారుపెళ్ళి దాకా పోతారు. మొగుడు చేసే పనేంటి, ఏ మందు మధ్య బతుకుతున్నాడు అని అడిగేవాళ్ళుండరు. ఆ ప్రశ్న అడగాలనే మేం ఇది రాస్తున్నాం.

దీన్ని గట్టిగా ముందుకు తెచ్చింది కార్మికులే. 1977లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం లాత్రాప్‌లో, డీబీసీపీ అనే పురుగుమందు తయారయ్యే ఫ్యాక్టరీ కార్మికులు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని గమనించారు. పరీక్షిస్తే కొందరి వీర్యంలో కణాలు బాగా తక్కువ, కొందరిలో అసలే లేవు. ఈ మందు తగిలిన జంతువుల వృషణాలు కుంచించుకుపోతాయని 1961లోనే తేలింది. ఆ మాట పనిచేసేవాళ్ళకు చేరలేదు. హవాయి అనాస తోటలకు తప్ప 1979లో అమెరికా దాన్ని నిషేధించింది. కోస్టారికా అరటి తోటల కూలీలూ దానివల్లే సంతానం కోల్పోయారు.

వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. దాన్ని పుట్టించే మూలకణాలు బతికుంటే, విషానికి దూరమయ్యాక కోలుకునే వీలుంది. అవే చస్తే కష్టం. కొన్ని విషాలు హార్మోన్ల మీద దెబ్బకొడతాయి. డీడీటీ ఒంట్లో మారి డీడీఈ అవుతుంది, అది మగ హార్మోను పనికి అడ్డుపడుతుంది.

మన దగ్గరా దాఖలా ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ పరిశోధకులు పత్తి చేలల్లో మందు కొట్టే మగవాళ్ళ కుటుంబాలను, వెయ్యికి పైగా జంటలను, మందు తగలని జంటలతో పోల్చి 1991లో ప్రచురించారు. మందు కొట్టేవాళ్ళలో సంతానం తక్కువ. వాళ్ళ భార్యలకు గర్భస్రావాలూ, చనిపోయి పుట్టే బిడ్డలూ ఎక్కువ.

పిల్లల్లేని ప్రతి ఇంటికీ మందే కారణమని మేం అనడం లేదు. కానీ చేను ఒకరిది, వీపు మీద పంపు ఇంకొకరిది. ట్యాంకు కారి చొక్కా తడిస్తే విషం చర్మంలోంచే లోపలికి పోతుంది. ఆ తడిచొక్కా ఉతికేది మళ్ళీ భార్యే. దినకూలి ఇచ్చిన ఆసామి గ్లౌజులివ్వడు. రేపు వాళ్ళింట్లో ఉయ్యాల లేకపోతే అతనికి పట్టదు.

అందుకే ఆస్పత్రికి ఇద్దరూ పోవాలి. వీర్యపరీక్ష ముందే చేయించాలి, అది తేలికైన పరీక్ష. ఏ మందు కొడతాడో, ఎన్నేళ్ళనుంచో డాక్టరుకు చెప్పాలి. ఆయన అడక్కపోయినా చెప్పాలి. కూలి మాట్లాడుకునేటప్పుడే గ్లౌజులూ, కారని పంపూ అడగాలి. అది దయ కాదు, హక్కు.