దారపు రీలుతో గిలక

ముషైరిబ్ అన్న పేరుకు త్రాగునీరు దొరికే తావు అని అర్థం. దోహా నగర హృదయంలోని ఈ పేట రూపురేఖలు 2010లో ప్రారంభమైన పునర్నిర్మాణంతో పూర్తిగా మారిపోయినవి. పాత ఇండ్లలో నాలుగింటిని మాత్రం పదిలపరచి ప్రదర్శనశాలలుగా తీర్చిదిద్దారు. వాటిలో 1920ల నాటి రద్వానీ ఇంటి ఆవరణలో త్రవ్వకాలు జరిపినప్పుడు ఒక పాత బావి బయటపడినది. ఎడారిలో ఊరు వెలిసిన చోట ముందుగా బావి వెలియక తప్పదు. బావి ఉన్నచోట నీరు పైకి తోడే ఉపాయమూ ఉండవలె.

తెలుగునాట ఆ ఉపాయాలు అనేకం. పొడవాటి దూలంపై మనిషి నడుస్తూ నీరు తోడే ఏతాము తులాదండ సూత్రానికి చక్కని ఉదాహరణ. ఇంటి బావి మీద గిలక, పొలంలో ఎద్దులతో తోలే మోట, ఇవి రెండూ చక్రాన్ని ఆశ్రయించినవి. దోహాలో పెరుగుతున్న మన పిల్లలలో గిలక చప్పుడు విన్నవారు అరుదు. అయితే వారు ప్రతిదినం గిలక మీదనే ఎక్కి దిగుతున్నారు! బహుళ అంతస్తుల భవనాలలోని లిఫ్టు చాలావరకు తాడు, చక్రం, రెండవ వైపు వ్రేలాడే ప్రతిభారం కలసినదే కదా.

పాఠశాలలో సరళ యంత్రాల పాఠం వచ్చినప్పుడు ప్రాజెక్టు చేసి తెమ్మంటారు. బజారులో దొరికే పెట్టెను కొని అతికించుకొని పోవడం కంటే ఇంటి వస్తువులతో గిలక కట్టుకోవడం మేలు, ఎందుకంటే దాని లోపాలు కంటికి కనబడతాయి. కావలసినవి స్వల్పం: దర్జీ దుకాణంలో ఖాళీ అయిన రెండు దారపు రీళ్లు, బట్టలు తగిలించే తీగ హ్యాంగర్లు రెండు, నునుపైన నైలాను త్రాడు, రెండు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, ఒక చీపురు కర్ర, రెండు కుర్చీలు, వంటింటి త్రాసు.

తీగను త్రిభుజాకారంగా వంచి, దాని అడుగు భుజాన్ని రీలు రంధ్రం గుండా పోనివ్వాలి. రీలు ధారాళంగా తిరగాలి. కుట్టు మిషను నూనె ఒక చుక్క వేస్తే చాలును. కుర్చీల వీపుల మీద కర్రను అడ్డంగా ఉంచి గట్టిగా కట్టి, మొదటి రీలును దానికి వ్రేలాడదీయాలి. ఇది స్థిర కప్పీ. త్రాడును దానిపై వేసి ఒక కొసకు భారం, రెండవ కొసకు ఖాళీ సీసా కట్టి నీరు పోస్తూ పోతే, రెండు వైపులా బరువు ఇంచుమించు సమానమైన తరువాత గాని భారం కదలదు. అనగా బావి గిలక బలాన్ని తగ్గించదు, దిశను మాత్రమే మార్చును. ఆ మార్పు చిన్నదేమీ కాదు. వంగి పైకి లాగే బదులు నిలబడి క్రిందికి లాగితే శరీరపు బరువు కూడ సాయపడును. మోట తోలే ఎద్దులు వాలు బాటలో క్రిందికి నడిచేదీ ఇందుకే.

బలం ఆదా కావాలంటే రెండవ రీలు పనిలోనికి రావాలి. త్రాడు ఒక కొసను కర్రకే కట్టి, క్రిందికి దింపి, రెండవ రీలు అడుగుగా త్రిప్పి, పైనున్న రీలు మీదుగా ఇవతలకు తీయాలి. భారపు సీసాను రెండవ రీలు తీగకు వ్రేలాడదీయాలి. ఇది చర కప్పీ. ఇప్పుడు భారాన్ని రెండు త్రాటి పోగులు మోస్తున్నవి. ఒక్కొక్కటి సగం మోసినా చాలును. కాని భారం 10 సెంటీమీటర్లు లేవడానికి ఇవతలి సీసా 20 సెంటీమీటర్లు దిగవలసి ఉంటుంది. స్కేలుతో కొలిస్తే ఇది స్పష్టం.

ఇక అసలు విషయం. పాఠ్యపుస్తకం యాంత్రిక లాభం 2 అంటుంది. పిల్లలు కొలవకుండానే 2 అని వ్రాసివేస్తారు. ప్రాజెక్టుకు ప్రాణం పోయేది అక్కడే. రీలు, తీగ, సీసా, నీరు అన్నీ కలిపి భారం 600 గ్రాములనుకుందాం. రెండవ సీసాలో చెంచాతో నీరు పోస్తూ పోగా, దాని మొత్తం బరువు 300 వద్ద కాక 400 గ్రాముల వద్ద భారం లేచినదనుకుందాం. అప్పుడు యాంత్రిక లాభం 600ను 400తో భాగించగా 1.5. ఆదర్శమైన 2తో పోల్చితే యంత్రపు దక్షత 75 శాతం. మిగిలినది రీలుకు, తీగకు మధ్య ఘర్షణలో వేడిగా మారినది. ఈ 1.5 తప్పు కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. తండ్రి కర్ర కట్టిపెట్టినా ఫరవాలేదు గాని, చెంచా మాత్రం పిల్లల చేతిలోనే ఉండాలి.

ఇప్పుడు చెంచాతో నీరు తీసివేస్తూ పోతే, భారం వెంటనే దిగదు. బహుశః 225 గ్రాముల దగ్గర దిగనారంభించును. ఎక్కేటప్పుడు మనకు అడ్డుపడిన ఘర్షణే దిగేటప్పుడు భారానికి అడ్డుపడుచున్నది. ఈ రెండు కొలతల సగటు సుమారు 312; సిద్ధాంతం చెప్పే 300కు ఎంత సమీపమో చూడవచ్చును. నూనె వేయక ముందు, వేసిన తరువాత ఇదే కొలిచి పట్టికగా వ్రాస్తే ఉపాధ్యాయుని ప్రశ్నలకు తడుముకోనక్కరలేదు.

ఆర్కిమిడీస్ కప్పీల సముదాయంతో నిండు ఓడను ఒంటిచేత్తో లాగి సిరక్యూజ్ రాజును ఆశ్చర్యపరచినాడని ప్లూటార్క్ వ్రాసినాడు. కథలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు గాని సూత్రం నిజమే. భారీ క్రేన్ల కొక్కెం పైన త్రాడు పలుమార్లు చుట్టి ఉండడానికి కారణమిదే. ఉత్సాహమున్న పిల్లలు మరి రెండు రీళ్లు చేర్చి నాలుగు పోగులతో ప్రయత్నించవచ్చు. లాభం 4కు చేరదు. ఒక్కొక్క రీలూ తన వంతు ఘర్షణను కలుపుకొనును. ఎంతకు చేరినదో త్రాసును అడగవలసిందే.