మూర్ఛ ఉన్న గర్భిణి: మందు మానడమే అసలు ముప్పు

మెదడులోని నాడీకణాల విద్యుత్ ప్రసారం ఉన్నట్టుండి అదుపు తప్పడం వల్ల పదేపదే వచ్చే మూర్ఛను జనం ఫిట్స్ అంటారు. ఈ జబ్బు ఉన్న స్త్రీలలో నూటికి తొంభై మందికి పైగా ఆరోగ్యవంతులైన బిడ్డలనే కంటున్నారు. అయినప్పటికీ, నెల తప్పిందని తెలియగానే బిడ్డకు హాని కలుగుతుందన్న భయంతో మాత్రలు మానివేస్తే, ఫిట్ వచ్చి తల్లి పడిపోయి కడుపుకు దెబ్బ తగలవచ్చు, బిడ్డకు అందే ప్రాణవాయువు తగ్గవచ్చు, ఒక్కోసారి తల్లి ప్రాణమే పోవచ్చు.

అయితే మందులన్నీ ఒక్కటి కావు. సాధారణంగా నూటికి రెండు మూడు కాన్పులలో కనిపించే అవయవలోపాలు, వాల్‌ప్రోయేట్ అనే మందు వాడిన తల్లుల బిడ్డలలో నూటికి పది వరకు ఉంటాయి. ఆ పిల్లలలో బుద్ధి వికాసం మందగించే ప్రమాదం కూడా హెచ్చు. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ వంటివి వాల్‌ప్రోయేట్ కంటే చాలా సురక్షితం. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థ 1998లో ప్రారంభించిన నమోదు కార్యక్రమం ఇటువంటి తల్లులను, బిడ్డలను ఏళ్ల తరబడి పరిశీలిస్తూ వస్తున్నది.

బిడ్డ వెన్నుపాముగా, మెదడుగా రూపొందే నాళం గర్భం నిలిచిన 28 రోజులలోపే మూసుకుంటుంది గనుక, తల్లికి విషయం తెలిసేసరికే ఆ గడువు దాదాపు తీరిపోతుంది. అందువల్ల మందు మార్పిడి, ఫోలిక్ ఆమ్లం మాత్రలు గర్భానికి ముందే, వైద్యుని సలహాతో మొదలుకావాలి.

గర్భం పెరిగేకొద్దీ రక్తంలో లామోట్రిజిన్ పరిమాణం తగ్గుతుంది. వేవిళ్లలో మాత్ర వాంతి కావడం కూడా సామాన్యమే. కాబట్టి మోతాదును మధ్యమధ్య సరిచూపించుకోవాలి, 18–20 వారాల మధ్య బిడ్డ అవయవాలను చూసే స్కానింగ్ చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రులలో ప్రతి నెల 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. మాచర్ల నుండి గుంటూరు పెద్దాసుపత్రికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం ఉన్నందున, మాచర్ల, గురజాల వైపు కుటుంబాలు కాన్పు ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించుకోవడం మేలు.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టకుండా, నోట్లో ఏమీ కుక్కకుండా, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇదివరకెన్నడూ లేని ఫిట్ ఐదో నెల దాటాక వస్తే, అది రక్తపోటు వల్ల వచ్చే గుర్రపువాతం కావచ్చు గనుక క్షణం ఆలస్యం చేయరాదు.

మందులు వాడుతున్న తల్లులు చాలావరకు నిర్భయంగా చనుబాలు ఇవ్వవచ్చు. నిద్ర చాలకపోవడం ఫిట్స్‌ను రేపుతుంది కాబట్టి, రాత్రివేళ బిడ్డను ఇంట్లో మరొకరు చూసుకోవాలి. కాళ్లపై పడుకోబెట్టి లాల పోసే పని తల్లి ఒంటరిగా చేయరాదు.

సంబంధం చెడుతుందని జబ్బు దాచిన ఇంట మాత్ర చాటుగా మింగవలసి వస్తుంది, చాటుగా మింగే మాత్ర తరచూ తప్పిపోతుంది. హిందూ వివాహచట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఉన్న మూర్ఛను 1999లోనే సవరణ ద్వారా తొలగించారు. చట్టం విడిచిపెట్టిన ఆ అడ్డంకిని అత్తవారిల్లు, పుట్టిల్లు కూడా విడిచిపెట్టి, కోడలి మందుల వేళను ఇంటిల్లిపాదీ గుర్తుంచుకున్నప్పుడే ఆమె కాన్పు క్షేమంగా జరుగుతుంది.