నురుగు

మాసిన వస్త్రమును నీట ముంచి పిండినంత మాత్రమున మురికి వదలదు. చెమటయు జిడ్డును పట్టినచోట నీరు నిలువక జారిపోవును. నీటికిని జిడ్డునకును పొత్తు కుదుర్చు మూడవ వస్తువొకటి కావలయును. మానవుడు అనాదిగా ఆ వస్తువును వెదకుచునే యున్నాడు.

పూర్వము తెలుగు పల్లెలలో ఆ పనిని చవుటి మట్టి చేసెడిది. చవుటి నేలలపై తెల్లగా పొంగు ఆ మట్టిలో సోడా క్షారము కలదు. రజకులు బట్టలను చవుటి నీట తడిపి, బానపై పేర్చి, ఆవిరిలో ఉడికించి, పిదప రేవుబండపై ఉతికెడివారు. దీనినే ఉబ్బవేయుట యందురు. పట్టుబట్టలు క్షారమున కోర్వవు. వానికి కుంకుడు రసమే తగినది. కంసాలులు నగలను తోముటకును దానినే వాడుదురు. కుంకుడుకాయ తొక్కలోని సాపోనిన్ అను పదార్థమే ఆ నురుగునకు మూలము. తరువాత బారుసబ్బు వచ్చినది. అంగడివాడు పొడవైన బారును కావలసినంత కోసి, పాత కాగితమున చుట్టి యిచ్చెడివాడు. ఆ కాగితము మరునాడు పొయ్యి రాజవేయుటకు పనికివచ్చెడిది. పారవేయవలసిన చెత్త మిగిలెడిది కాదు.

సబ్బు అణువునకు తలయు తోకయు ఉన్నవనుకొనవచ్చును. తల నీటిని కోరును. తోక జిడ్డును కోరును. తోకలన్నియు జిడ్డుబొట్టులో గ్రుచ్చుకొనగా తలలు నీటివైపు నిలుచును. అంతట జిడ్డు బట్టను విడిచి నీటిలో తేలిపోవును. కాని సబ్బునకొక లోపము కలదు. కాల్షియము, మెగ్నీషియము లవణములు గల కఠినజలమున అది విరిగి తెట్టుకట్టును. పెక్కు తావుల బోరుబావుల నీరు ఇట్టిదే. అచ్చట సబ్బు ఎంత రుద్దినను వ్యర్థమగును.

ఈ లోపము లేని కృత్రిమ పదార్థములే డిటర్జెంట్లు. మొదటి ప్రపంచయుద్ధకాలమున కొవ్వులు కరవైనపుడు జర్మనీ దేశీయులు వీనిని తయారుచేసిరి. కఠినజలమును మెత్తబరచుటకై ఫాస్ఫేటు చేర్చిన పొడి 1946 లో అమెరికా అంగళ్ళకు వచ్చెను. భారతదేశమున 1959 లో సర్ఫ్ పొడి వెలసెను. 1969 లో అహమ్మదాబాదున కర్సన్‌భాయి పటేల్ అను రసాయనజ్ఞుడు సామాన్యుల కందుబాటైన వెలకు నిర్మా పొడిని తయారుచేసి యమ్మసాగెను. అప్పటినుండి నురుగే శుభ్రతకు గుర్తు అను నమ్మకము ఇంటింట పాదుకొన్నది. నిజమునకు నురుగు మురికిని వదలింపదు. నురుగు తక్కువైనను బట్ట శుభ్రపడవచ్చును.

తొలినాటి డిటర్జెంటు అణువులు కొమ్మలు గలవి. నీటిలోని సూక్ష్మజీవులు వానిని సులభముగా విరువలేకపోయెను. అందుచేత 1950 తరువాత ఐరోపా, అమెరికాల నదులపై నురుగు గుట్టలుగా తేలియాడెను. జర్మనీ 1961 లో దీనిని అరికట్టుటకు శాసనము చేసెను. ఆ దశాబ్దము నడుమకు కొమ్మలులేని గొలుసుల వంటి అణువులు వాడుకలోనికి వచ్చెను. వీనిని సూక్ష్మజీవులు విరువగలవు. కాని యందుకు ప్రాణవాయువు కావలయును. మురుగు నిలిచిన చెరువున అది యెక్కడిది? బెంగుళూరులోని బెళ్ళందూరు చెరువులోనికి శుద్ధిచేయని మురుగునీరు ఏండ్లతరబడి చేరినది. దాని నురుగు గాలికి లేచి బాటసారులపై పడెడిది. 2015 లో ఆ నురుగునకు నిప్పంటుకొనుట లోకమంతయు వింతగా చూచెను.

నురుగు కంటికి కనబడును. ఫాస్ఫేటు కనబడదు. చేలో ఎరువైనది చెరువులోను ఎరువే. దానితో నాచు, గుర్రపుడెక్క విజృంభించును. అవి చచ్చి కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు వెల్లకిల తేలును. ఆ చెరువునే నమ్ముకొన్న జాలరి ఇంట ఆనాడు పొయ్యి రాజునా? పొలముల యెరువులనుండియు, మలమూత్రములనుండియు గూడ ఫాస్ఫేటు చెరువు చేరును గనుక సబ్బుపొడి యొక్కదానినే దోషి యనుట న్యాయము కాదు. అయినను ఇంటివాకిట ఆపదగినది అదియే. ఈరీ సరస్సు దుస్థితిని చూచి అమెరికా, కెనడా దేశములు 1972 లో ఫాస్ఫేటును తగ్గించుటకు ఒడంబడిక చేసికొనెను. ఇప్పుడు పెక్కు పొడులలో దానికి బదులుగా జియొలైటు అను ఖనిజమును వాడుచున్నారు.

కావున కొనువారు అట్టపై పచ్చని ఆకుబొమ్మను గాక, "ఫాస్ఫేటు లేనిది" అను స్పష్టమైన మాటను వెదకవలయును. "ప్రకృతి హితము" అని ఎవరైనను అచ్చువేయవచ్చును. 1991 లో భారత ప్రభుత్వము ఇట్టి వస్తువులకై మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ అను ముద్రను ఏర్పరచెను. "మల్లెపూవు తెలుపు" అను ప్రకటనకును మోసపోరాదు. పొడిలోని మెరుపుమందు, పూర్వపు నీలిమందు వలెనే, కంటిని భ్రమింపజేయునది మాత్రమే. అది మురికిని తీయదు.

ఇక పొట్లము మాట. ఇరువది గ్రాముల ప్యాకెట్టులు కొనినచో కిలో పొడికి ఏబది ప్యాకెట్టులు చెత్తలో పడును. అవి ఒకదానిపై నొకటి అతికించిన పలు పొరలవి. విడదీయుటకు వీలులేదు, చిత్తుకాగితములేరువాడును వానిని ముట్టడు. చివరకవి కాలువ తూములకు అడ్డుపడును. చేతిలో పది రూపాయలే యున్న కూలివాడు చిన్న ప్యాకెట్టును కొనుట తప్పు కాదు. కాని కొనగలవారు పెద్ద సంచియో, కాగితపు పెట్టెయో, బిళ్ళయో కొనవచ్చును. ప్లాస్టిక్కు సీసాలలోని ద్రవములలో అధికభాగము నీరే. ఆ నీటిని మోయుటకే అంత సీసా. పొడిని చెంచాతో కొలిచి వాడినచో జాడించు నీరును కలిసివచ్చును.

కుంకుడుకాయ యైనను పూర్తిగా నిర్దోషి కాదు. దాని రసము చేపలకు విషము. కనుక ఆ నీటిని చెరువున కలుపక పెరటి మట్టిలో పోయుట మేలు. తొక్కలు ఎరువుగుంటలో కుళ్ళిపోవును. హైదరాబాదు వంటి నగరములలో ఇంటినుండి డబ్బా తెచ్చుకొన్నవారికి సబ్బుపొడిని తూచి పోయు అంగళ్ళు నేడు మరల కనబడుచున్నవి.